రోజుకు 60 గడియలు: ఆఫీసు, ఇల్లు రెండూ నడిపేవాళ్ళకు ఒక కాలపు చిట్టా

పంచాంగంలో రోజుకు 24 గంటలు ఉండవు, 60 గడియలు ఉంటాయి. గడియ అంటే 24 నిమిషాలు. రెండు గడియలు ఒక ముహూర్తం, ఏడున్నర గడియలు ఒక జాము. గడియారం అనే మాటలోనే గడియ కూర్చుని ఉంది కానీ, పెళ్ళి ముహూర్తం రాయించేటప్పుడు తప్ప మనకది గుర్తుకు రాదు.

నాకు గుర్తొచ్చింది అమ్మ వల్ల. పండక్కి ఊరెళ్ళినా లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానని ఒకరోజు "దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అని సామెత విసిరింది. ఆదాయం సంగతి పక్కన పెడితే, తీరిక లేదన్నది నిజం. అప్పటికే ఫోనులో పనుల జాబితాల యాప్‌లు మూడున్నాయి. ఆ మూడింటిలోనూ పనులు ఎక్కించడమే ఒక పనయింది. అసలు రోజంతా ఎక్కడికి పోతోందో నాకే తెలియదు. జీతం ఎటు పోతోందో తెలియనివాడు పొదుపు గురించి పుస్తకాలు చదివినట్టుంది నా వ్యవహారం.

కింద రాసింది నేను రెండేళ్ళుగా పాటిస్తున్న పద్ధతి. నాది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు, రాయదుర్గం వైపు ఆఫీసు, అమెరికా బృందంతో సాయంత్రం కాల్స్, ఇద్దరు బడి పిల్లలు. మీ పరిస్థితి వేరుగా ఉంటే అంకెలు మార్చుకోండి. వరుస మాత్రం మార్చకండి, ముఖ్యంగా మొదటిది దాటేసి రెండోదానికి పోకండి.

గంటలు వదిలి గడియల్లో ఎందుకంటారా? గంట అనేసరికి మనం ఉదారంగా మాట్లాడతాం. "ఒక గంటలో అయిపోతుంది" అంటాం, అది రెండున్నర గంటలు తింటుంది. గడియ చిన్నది, అందులో ఏం పడుతుందో ఏం పట్టదో కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. పైగా 60 అనేది చేతిలో చిల్లరలా లెక్కపెట్టుకోవడానికి వీలైన సంఖ్య. పొద్దున లేవగానే జేబులో 60 రూపాయలు పడ్డట్టు, రాత్రికి ఒక్కటీ మిగలనట్టు అనుకోండి.

మొదటి మెట్టు: ఒక వారం చిట్టా రాయండి, ఏమీ మార్చకండి

జేబులో పట్టే చిన్న నోటు పుస్తకం కొనండి. ఫోనులో రాయకండి. రాద్దామని తీసి ఇంకేదో చూస్తూ ఉండిపోతారు, నేను ఉండిపోయాను. పని మారిన ప్రతిసారీ టైమూ, మొదలుపెట్టిన పనీ ఒక్క మాటలో రాయండి. "6.10 పాలు, టిఫిను. 7.25 పిల్లల జడలు, బాక్సులు. 8.05 స్నానం." ఇలా. లిఫ్టు కోసం నిలబడ్డదీ, క్యాంటీన్లో టీ తాగుతూ కబుర్లు చెప్పుకున్నదీ, మంచం మీద పడుకుని ఫోను చూసిందీ అన్నీ రావాలి. ఎవరికీ చూపించే లెక్క కాదు కాబట్టి అబద్ధం అక్కర్లేదు.

ఈ వారంలో ఒక తప్పు అందరం చేస్తాం. రాస్తున్నామన్న స్పృహతో బుద్ధిమంతులమైపోతాం. మొదటి రెండు రోజులు నా చిట్టా చూస్తే ఆదర్శ గృహిణికి, ఆదర్శ ఉద్యోగినికి పుట్టిన దానిలా ఉన్నాను. మూడోరోజుకి అసలు మనిషి బయటపడింది. అందుకే వారం పూర్తిగా రాయాలి, రెండు రోజులు చాలవు.

ఫోను విషయంలో మీ జ్ఞాపకాన్ని నమ్మకండి. ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో "డిజిటల్ వెల్‌బీయింగ్" అని, ఐఫోన్‌లో "స్క్రీన్ టైమ్" అని ఉంటుంది. ఏ యాప్‌లో ఎంతసేపున్నారో, ఫోను ఎన్నిసార్లు తీశారో అదే చెబుతుంది. ఆ అంకె చిట్టాలో రాసుకోండి.

ఆదివారం రాత్రి కూర్చుని పనిరోజుల సగటు తీయండి. నిమిషాలను 24తో భాగిస్తే గడియలొస్తాయి. అర గడియ అటూ ఇటూ అయినా పరవాలేదు. నాకు తేలింది ఇది: నిద్ర 16, ఆఫీసు 22, ప్రయాణం 5, వంటా ఇంటి పనీ 8, స్నానం భోజనం 3, ఫోను 4, పిల్లలతో 1, లెక్క తేలనిది 1. మొత్తం 60.

పిల్లలతో ఒక్క గడియ! జడలు వేయడం, బాక్సులు కట్టడం ఇంటిపనిలో వేశాను. వాళ్ళతో కూర్చుని మాట్లాడింది 24 నిమిషాలు. ఫోనుకు దానికి నాలుగింతలు. ఆ రాత్రి పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఏ యాప్ చెప్పినా వినని మాట సొంత చేతిరాతలో చూస్తే వినిపించింది.

రెండో మెట్టు: నిద్రను ముందు తీసి పక్కన పెట్టండి

చాలామంది పనులన్నీ పేర్చి, మిగిలినదాంట్లో పడుకుంటారు. తిరగెయ్యండి. చిట్టాలో మొదటి గీత నిద్రది. నేను 18 గడియలు పెట్టుకున్నాను, అంటే 7 గంటల 12 నిమిషాలు. లేవాల్సిన టైమునుంచి వెనక్కి లెక్కపెడితే పడుకోవాల్సిన టైము వస్తుంది. అయిదున్నరకు లేవాలంటే పదీ ఇరవైకల్లా కళ్ళు మూయాలి. ఆ లెక్క చూశాక, పదకొండింటికి "ఇంకొక్క ఎపిసోడ్" అనడానికి నాకు మొహం చెల్లలేదు. అప్పుడప్పుడూ ఇప్పటికీ అంటాను, అది వేరే సంగతి.

అమెరికా వాళ్ళతో పనిచేసేవాళ్ళకు ఇక్కడొక చిక్కుంది. న్యూయార్క్ మనకంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారాలు మారుస్తారు. అక్కడ ఉదయం 10కి పెట్టిన కాల్ మనకు వేసవిలో రాత్రి 7.30కి, చలికాలంలో 8.30కి వస్తుంది. అంటే ప్రతి నవంబరులో మన సాయంత్రంలోంచి రెండున్నర గడియలు ఎవరూ అడక్కుండానే జరిగిపోతాయి. ఆ రెండు ఆదివారాలూ క్యాలెండరులో ఎర్రగా గుర్తు పెట్టుకోండి. అక్టోబరు చివరి వారంలోనే "చలికాలం నాలుగు నెలలు మీ 9 గంటలకు పెట్టుకుందామా?" అని అడగండి. అడిగితే చాలావరకు ఒప్పుకుంటారు. వాళ్ళకు మన భోజనం టైము తెలియదు, అంతే. నేను ఆరేళ్ళు అడగకుండానే గడిపాను.

మూడో మెట్టు: రేపటి చీటీ ఈ రాత్రే

పడుకునే ముందు చిన్న కాగితం మీద రేపు చేయాల్సిన పనులు మూడు రాయండి. నాలుగోది రాయాలనిపిస్తే ఒకటి కొట్టేసి రాయండి.

రాసే తీరు ముఖ్యం. "రిపోర్టు" అని రాస్తే అది పని కాదు, బెంగ. "రిపోర్టులో మూడో పట్టిక నింపి మేనేజరుకు పంపాలి" అంటే పని. "నాన్న ఆరోగ్యం" అనేది పని కాదు. "నాన్న షుగరు పరీక్షకు శనివారం ఉదయానికి బుక్ చేయాలి" అనేది పని. ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలిసేలా ఉంటే చేయి దానంతటదే కదులుతుంది.

ప్రతిదాని పక్కన ఎన్ని గడియలో వేయండి. వేశాక దానికి సగం కలపండి. రెండనుకుంటే మూడు, నాలుగనుకుంటే ఆరు. ఇది నిరాశావాదం కాదు. మనిషి తన పనికి పట్టే కాలాన్ని తక్కువగా ఊహించుకుంటాడని డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే చెప్పి, ఆ భ్రమకు ఒక పేరు కూడా పెట్టారు. సిడ్నీ ఒపెరా హౌస్ 1963కల్లా 70 లక్షల డాలర్లతో అయిపోతుందన్నారు. 1973కి, 10 కోట్ల 20 లక్షల డాలర్లతో అయింది. అంత దూరం దేనికి, "అయిదు నిమిషాల్లో మీ ఇంటి ముందుంటా" అని ఫోన్లో చెప్పే మన బావగారు అప్పటికి ఇంకా స్నానానికే వెళ్ళి ఉండడు.

మీ చిట్టా ఇక్కడే పనికొస్తుంది. పోయిన వారం అలాంటి పనికే ఎంత పట్టిందో పుస్తకం తీసి చూడండి. ఊహను అడగకండి, చిట్టాను అడగండి.

ఇంకొక్క జాగ్రత్త. ఆఫీసులో 22 గడియలున్నాయి కదా అని 22 నింపకండి. నేను నా సొంత పనికి 10 మాత్రమే వేసుకుంటాను. మిగతావి మీటింగులకు, మెయిళ్ళకు, "ఒక్క నిమిషం" అంటూ కుర్చీ లాక్కుని కూర్చునేవాళ్ళకు, తిండికి, ఏదో ఒకటి తగలబడ్డప్పుడు ఆర్పడానికి. మొదట్లో 16 వేసుకునేదాన్ని. రోజూ సాయంత్రం ఓడిపోయినట్టు ఇంటికొచ్చేదాన్ని. తప్పు నాది కాదు, చీటీది.

నాలుగో మెట్టు: ఒక గడియ పని చేయడం ఎలా

పూర్వం గడియను కొలిచే పద్ధతి చూడముచ్చటగా ఉండేది. రాగి గిన్నెకు అడుగున సన్నని రంధ్రం చేసి నీళ్ళ తొట్టిలో వదిలేవాళ్ళు. మెల్లగా నీరు ఎక్కి గిన్నె మునిగితే ఒక గడియ అయినట్టు. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే విద్యార్థి చదువు సాగక, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. చివరికి అతను స్థిరపడింది 25 నిమిషాల దగ్గర. దాన్నే ఇప్పుడు పొమొడోరో అని లోకమంతా వాడుతోంది. మన గిన్నెకు, వాళ్ళ టమాటాకు తేడా ఒక్క నిమిషం. అది కాకతాళీయమే కావచ్చు. ఒక మనిషి ఒక పని మీద చూపు తిప్పకుండా ఉండగలిగే కొలత సుమారుగా అంతేనని మాత్రం నా అనుభవం చెబుతోంది.

పద్ధతి ఇది. చీటీలోంచి ఒక పని తీసుకోండి. ఫోను సొరుగులో పెట్టండి, బోర్లా పెడితే చాలదు. ఆఫీసు చాట్ మూసేయండి. 24 నిమిషాలకు టైమర్ పెట్టండి. మధ్యలో "అయ్యో, గ్యాస్ బుక్ చేయలేదు" అని గుర్తొస్తుంది, రాక మానదు. చీటీ వెనక "గ్యాస్" అని రాసి మళ్ళీ పనిలోకి రండి. లేవకండి. టైమర్ మోగాక లేచి నీళ్ళు తాగి, కిటికీలోంచి చూసి, రెండోది మొదలుపెట్టండి. కష్టమైన పనైతే రెండు గడియలు జతగా, ఒక ముహూర్తం. ఆ తర్వాత కనీసం పావుగంట విరామం.

మధ్యలో లేవొద్దని ఎందుకంత పట్టుపడుతున్నానంటే, ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసు మొత్తం వెంట రాదు. పాత పని తాలూకు తునక ఒకటి వెనకే ఉండిపోతుంది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీని మీద రాశారు. పప్పు పొయ్యి మీద పెట్టి పక్కింటికి కబుర్లకు వెళ్ళినవాళ్ళకు పరిశోధన చదవక్కర్లేదు.

ఎప్పుడు చేయాలన్నది కూడా చిట్టాయే చెబుతుంది. ఏ వేళ చేసిన పని తొందరగా, తప్పుల్లేకుండా అయిందో చూడండి. నాకది ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర. ఆ అయిదు గడియలూ ఎవరికీ ఇవ్వను, క్యాలెండరులో "బిజీ" అని మూసేస్తాను. అలాగే పంచాంగంలో రోజూ సుమారు 4 గడియల వర్జ్యం ఉన్నట్టు నాకూ ఒకటుంది. భోజనం అయ్యాక రెండున్నర నుంచి నాలుగు వరకు. అప్పుడు బుర్ర పెట్టే పని చేస్తే మర్నాడు మళ్ళీ చేసుకోవాలి. బిల్లులు ఎక్కించడం, పాత మెయిళ్ళు తుడవడం, ఫైళ్ళు సర్దడం లాంటివన్నీ ఆ వేళకు తోసేస్తాను.

మెయిలు, చాట్ రోజుకు మూడుసార్లు: వచ్చాక, భోజనానికి ముందు, బయల్దేరేముందు. మీ మేనేజరుకు ముందే చెప్పి పెట్టండి, "అర్జెంటైతే ఫోను చేయండి, వెంటనే ఎత్తుతాను" అని. మీరు ఊహించినన్ని ఫోన్లు రావు. నాకు మొదటి నెలలో వచ్చినవి మూడు.

మీటింగుల గురించి ఒక్క మాట. సి. నార్త్‌కోట్ పార్కిన్‌సన్ 1955లో 'ది ఎకానమిస్ట్' పత్రికలో వేళాకోళంగా ఒక సూత్రం రాశాడు: ఎంత సమయమిస్తే పని అంతకు సాగుతుందని. గంట పెడితే మీటింగు గంట నడుస్తుంది. మీరు పిలిచే మీటింగులు ఒక గడియకే పెట్టండి. "ఈ 24 నిమిషాలేంటండీ?" అని అందరూ నవ్వుతారు, ఆ నవ్వుతోనే టైముకు వస్తారు కూడా.

అయిదో మెట్టు: "చూద్దాం" అనడం మానండి

మనవాళ్ళకు ఇది అన్నిటికన్నా కష్టం. ఎవరైనా పని చెబితే కుదరదనడం మర్యాద కాదని "చూద్దాం", "ప్రయత్నిస్తా" అంటాం. మన మనసులో దానర్థం కుదరదని. విన్నవాళ్ళకు అయిపోయినట్టే. మూడోరోజు "ఏమైంది?" అని అడిగితే మొహమాటానికి రాత్రి కూర్చుని చేస్తాం. ఆ గడియలు నిద్రలోంచి పోతాయి.

పైవాళ్ళకు "చేయను" అనక్కర్లేదు. ఎంపిక వాళ్ళ చేతిలో పెట్టండి. "సార్, ఇది శుక్రవారానికి ఇస్తాను. ఇవాళే కావాలంటే పొద్దున మీరిచ్చిన డేటా పని రేపటికి వెళ్తుంది. ఏది ముందు చేయమంటారు?" ఇందులో ధిక్కారం లేదు, లెక్క ఉంది. నా చీటీ చూపించి మరీ అడిగిన సందర్భాలున్నాయి. కాగితం మీద గడియలు కనబడితే ఎదుటివాళ్ళు వాదించరు. పాత ఆఫీసులో ఒకాయన మాత్రం "రెండూ ముందే" అన్నాడు. అలాంటి చోట ఏ పద్ధతీ పనిచేయదు, వేరే ఉద్యోగం వెతుక్కోవడం తప్ప. నేనదే చేశాను.

చుట్టాల దగ్గర లెక్క ఇంకోలా ఉంటుంది. మాఘమాసం, శ్రావణమాసం వచ్చాయంటే శుభలేఖలు గుట్టలు. అన్నిటికీ పూర్తిగా వెళ్ళలేం, ఏదీ మానలేం. మా ఇంట్లో మూడు వర్గాలు చేసుకున్నాం. దగ్గరివాళ్ళ పెళ్ళికి రెండు రోజుల ముందే వెళ్ళి పనులు కూడా పంచుకుంటాం. రెండో వర్గానికి ముహూర్తానికో, రిసెప్షనుకో, ఏదో ఒక్కదానికే. మూడో వర్గానికి ఫోను చేసి మనస్ఫూర్తిగా మాట్లాడి, తర్వాత ఒక ఆదివారం ఇంటికి వెళ్ళి కొత్త దంపతులను చూసొస్తాం. విచిత్రమేమిటంటే, అందరికన్నా ఎక్కువ సంతోషించేది మూడోవర్గం వాళ్ళే. పెళ్ళి హడావిడిలో ఎవరొచ్చారో ఎవరికి గుర్తుంటుంది?

ఆరో మెట్టు: ఇంటి పనిని "సాయం"గా కాదు, మొత్తంగా పంచండి

ఆఫీసు గడియలు ఎంత సర్దినా, ఇంట్లో ఎనిమిది గడియలు ఒక్కరి మీదే ఉంటే ఫలితం లేదు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వాటికి పెడుతున్నారని తేలింది. మన లెక్కలో 12 గడియలూ, మూడున్నర పైచిలుకూ. కాబట్టి ఆడవాళ్ళకు టైము సర్దుకోవడం మీద పాఠాలు చెప్పేవాళ్ళను నేనంతగా నమ్మను. ముందు పక్కవాళ్ళ చిట్టా కూడా రాయించాలి.

మా వారి చేత కూడా వారం రాయించాను. మొదట నవ్వారు, బుధవారానికి నవ్వడం మానేశారు. "నేనూ సాయం చేస్తున్నాగా" అనేవారు. సాయంలో ఉన్న చిక్కు ఏమిటంటే, గుర్తుపెట్టుకుని చెప్పాల్సింది నేనే. పాలు తెమ్మని చెప్పడం కూడా పనే. అందుకని పనులను ముక్కలుగా కాక మొత్తంగా పంచుకున్నాం. పాలు, గ్యాసు, కరెంటు బిల్లు, బడి నుంచి వచ్చే మెసేజీలు, పిల్లల టీకాలు పూర్తిగా ఆయనవి. గుర్తుపెట్టుకోవడం, చేయడం, మరిచిపోతే తిట్లు తినడం అన్నీ ఆయన ఖాతాలోనే. మొదటి నెలలో ఒకసారి గ్యాసు అయిపోయింది. నేను గుర్తుచేయలేదు. ఆ రాత్రి బయటి నుంచి తెప్పించుకుని తిన్నాం. మళ్ళీ అవలేదు.

రెండో మార్పు ఆదివారం. రైతుబజారుకు ఉదయమే వెళ్ళి వారానికి కూరగాయలు. శనివారం మధ్యాహ్నమే ఒక గ్లాసు మినప్పప్పు నానబోసి, సాయంత్రం రుబ్బి, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి పిండి కలిపేస్తే రాత్రికి పులుస్తుంది. ఆదివారం పొద్దున ఇడ్లీ, మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే సోమ మంగళ వారాలకు దోశలు. అల్లం వెల్లుల్లి నూరి ఒక సీసా, కందిపొడి ఒక సీసా. అయిదు రోజుల యూనిఫారాలు ఒకేసారి ఇస్త్రీకి. అంతా కలిపి నలుగురం పనిచేస్తే అయిదు గడియలు. పనిరోజుల్లో రోజుకు రెండు గడియలు తిరిగొచ్చాయి. నలుగురం అన్నాను, గమనించారా? ఎనిమిదేళ్ళ పిల్లాడు చిక్కుడుకాయలు ఈనెలు తీయగలడు. సగం తీసి వదిలేసినా తిట్టకండి.

ఆ చిక్కుళ్ళు ఒలిచే వేళే అమ్మకు ఫోను, స్పీకరులో. ఇదివరకు మెట్రోలో చేసేదాన్ని, ఆవిడ "ఏంటే, వినపడట్లా" అని నాలుగుసార్లు అనేసరికి స్టేషను వచ్చేది.

ప్రయాణం

ఎర్ర లైనులో అమీర్‌పేట, అక్కడ మారి నీలం లైనులో రాయదుర్గం. స్కూటీ మీద వెళ్ళిన రోజులతో పోలిస్తే గడియలు పెద్దగా తగ్గలేదు. మారింది ఏమిటంటే, చేతులు, కళ్ళు ఖాళీ అయ్యాయి. ఈ ఖాళీలో ఏదో ఒకటి నేర్చేసుకోవాలని చాలామంది సలహా. నేను ఆర్నెల్లు చెవుల్లో ఏవో ఉపన్యాసాలు పెట్టుకుని తిరిగాను, ఒక్కటీ గుర్తులేదు. ఇప్పుడు వెళ్ళేటప్పుడు నవల చదువుతాను, వచ్చేటప్పుడు ఊరికే నిలబడతాను. ఆఫీసు గొంతు ఇంటిదాకా రాకుండా మూసీ దగ్గరే దిగిపోవడానికి ఆ మాత్రం టైము కావాలి.

చిట్టా తప్పినప్పుడు

తప్పుతుంది. పిల్లకు జ్వరం వస్తుంది, సర్వరు పడిపోతుంది, అత్తయ్యగారు చెప్పకుండా దిగుతారు. ఆ రోజు చీటీ చింపేయండి. మిగిలిన పనులన్నీ రేపటికి మోయకండి. రేపటి చీటీ మళ్ళీ మూడుతోనే మొదలవ్వాలి. వదిలేసినవాటిలో నిజంగా అవసరమైనది దానంతటదే మళ్ళీ వచ్చి తలుపు కొడుతుంది.

ఏ అడ్డూ లేకుండా తప్పేవి ఇంకొన్నుంటాయి. వారం రోజులుగా చీటీలో అదే పని కనబడుతోందంటే దానికి మీరు భయపడుతున్నారన్నమాట. నాకు ఆదాయపు పన్ను కాగితాలు అలా. దానికి మందు ఒకటే: పొద్దునే, మెయిలు తెరవకముందు, ఆ పనికి ఒక్క గడియ. పూర్తి చేయాలని పెట్టుకోవద్దు. టైమర్ మోగగానే ఆపేయొచ్చని మీకు మీరు మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి కూడా. రెండు మూడు గడియలకు భయం పోయి విసుగు మాత్రమే మిగులుతుంది. విసుగుతో పని చేయొచ్చు.

ఆదివారం సాయంత్రం ఒక గడియ కూర్చుని వారం చీటీలు తిరగేయండి. ఏ పనికి అంచనా తప్పింది, ఎవరికి "చూద్దాం" అన్నారు, ఇవి చూస్తే చాలు. పూర్తి చిట్టా మాత్రం ఏటా రెండుసార్లు, నేను జూన్‌లో బడులు తెరిచాక, నవంబరులో అమెరికా టైము మారాక రాస్తాను.

కొట్టు నడిపేవాళ్ళకు, ఆసుపత్రి డ్యూటీలు చేసేవాళ్ళకు నాలుగో మెట్టు ఉన్నదున్నట్టు పనికిరాదు, ఎందుకంటే గిరాకీ టైమర్ చూసి రాదు. వాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. రోజు మొత్తంలో షట్టరు తీయకముందో, డ్యూటీ ఎక్కకముందో ఒక ముహూర్తం చాలు. అదొక్కటి కాపాడుకోండి. గ్రూప్స్ పరీక్షలకు ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ళకు కూడా అంతే. రాత్రి ఆరు గడియలు చదువుతానని రాసుకుని రెండు చదివేకంటే, తెల్లవారుజామున మూడు రాసుకుని మూడూ చదవడం నయం.

పోయిన జూన్‌లో రాసిన నా చిట్టా: నిద్ర 18, ఆఫీసు 21, ప్రయాణం 5, ఇల్లు 6, స్నానం భోజనం 3, పిల్లలతో 3, ఫోను 2, డాబా మీద నా ఒక్కదానికే 1, లెక్క తేలనిది 1. ఆ చివరి గడియ రెండేళ్ళుగా అలాగే ఉంది. ఎటు పోతోందో ఎంత వెతికినా దొరకలేదు, మా వారి చిట్టాలో కూడా ఒకటి అలాంటిదే ఉంది.